‘బాక్సాఫీసుకి విషం’ అన్న ముద్ర నుంచి నాలుగు ఆస్కార్ల దాకా: క్యాథరీన్ హెప్‌బర్న్‌ని నిలబెట్టింది స్టేజీయా, డబ్బా?

రమణ_బెజవాడ

పాత బొమ్మల పిచ్చి ఉన్నవాళ్లు ఇక్కడ నలుగురైనా ఉన్నారన్న ధైర్యంతో మొదలెడుతున్నా. మొన్న ‘ద ఫిలడెల్ఫియా స్టోరీ’ (1940) చూశా. మొదటి సీనులోనే ఆవిడ మొగుణ్ని ఇంట్లోంచి సాగనంపుతూ, అతని గోల్ఫ్ కర్ర ఒకటి తీసి మోకాలికేసి విరిచేస్తుంది. కేరీ గ్రాంట్ వెనక్కొచ్చి ఆవిడ మొహం మీద అరచెయ్యి పెట్టి ఒక్క తోపు తోస్తాడు. ఒక్క డైలాగు లేదు, కథంతా అర్థమైపోయింది.

ఆ తర్వాత ఆవిడ గురించి చదవడం మొదలెట్టా. 1938లో అమెరికాలో స్వతంత్ర థియేటర్ల యజమానుల సంఘం ఒక ప్రకటన వేయించిందట. వీళ్లకి జీతాలు బారెడు, హాల్లో జనం మూరెడు అన్నట్టు కొందరు తారల పేర్లు రాసి ‘బాక్సాఫీసుకి విషం’ అని తేల్చేశారు. గ్రేటా గార్బో, జోన్ క్రాఫర్డ్, మార్లీన్ డీట్రిచ్, ఫ్రెడ్ ఆస్టెయిర్ లాంటివాళ్ల పక్కన ఈవిడ పేరూ ఉంది. రెండేళ్లు తిరక్కుండా ఇదే మనిషి పెద్ద హిట్టుతో తిరిగొచ్చింది. మొత్తం మీద ఉత్తమ నటిగా నాలుగు ఆస్కార్లు: 1933, 1967, 1968, 1981 సినిమాలకి. నటనకి నాలుగు ఆస్కార్లు ఇవాళ్టికీ ఇంకెవరికీ రాలేదు.

మధ్యలో అసలేం జరిగింది? తెలిసినవాళ్లు చెప్పండి.

కిట్టు99

రోమన్ హాలిడేలో ఉండే ఆవిడేనా అన్నా?

రమణ_బెజవాడ

కాదు తమ్ముడూ, ఆవిడ ఆడ్రీ. చుట్టరికం కూడా లేదు. ఈవిడ క్యాథరీన్. 1907లో కనెక్టికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్‌లో పుట్టింది, 2003లో 96 ఏళ్ల వయసులో పోయింది.

పద్మజ_రంగస్థలం

రమణ గారూ, మధ్యలో జరిగింది స్టేజీ. అయితే దాన్ని 1938 నుంచి మొదలెడితే అర్థం కాదు, పదేళ్లు వెనక్కి వెళ్లాలి.

1928లో బ్రిన్ మార్ కాలేజీలో డిగ్రీ అవగానే బాల్టిమోర్‌లో ఒక నాటక కంపెనీలో చేరింది. అక్కణ్నుంచి న్యూయార్క్. ‘ద బిగ్ పాండ్’ అనే నాటకంలో ఉన్నపళంగా ప్రధాన పాత్ర దొరికింది. మొదటి ప్రదర్శన రోజున ఆలస్యంగా వచ్చింది, డైలాగులు పరుగులు పెట్టించేసింది, గొంతు పైస్థాయిలో కీచుమంది. ఆ ఒక్క ఆటతోనే తీసేశారు. పరిషత్తు నాటకాలు ఆడేవాళ్లెవరికైనా ఈ జబ్బు తెలుసు. భయం వేస్తే ఊపిరి పొట్టలోకి దిగదు, గొంతులోనే ఆడుతుంది. మాట వేగం పెరుగుతుంది, వాక్యం చివరి మాట ప్రేక్షకుడికి చేరదు. దీనికి మందు గొంతు సాధన ఒక్కటే. ఆవిడ ఫ్రాన్సిస్ రాబిన్సన్-డఫ్ అనే గురువు దగ్గర చేరి అదే చేసింది.

ఆ తర్వాత కూడా పూలదారేం కాదు. ‘హాలిడే’ నాటకంలో హోప్ విలియమ్స్‌కి బదులు నటిగా నెలల తరబడి స్టేజీ పక్కన తెర చాటున నిలబడింది. 1932లో ‘ద వారియర్స్ హజ్బెండ్’ వచ్చింది. గ్రీకు పురాణాల్లోని వీరనారి పాత్ర. వెండి రంగు పొట్టి వస్త్రం కట్టుకుని, భుజం మీద చచ్చిన దుప్పిని మోసుకుంటూ, ఇరుకు మెట్ల మీంచి దూకుతూ స్టేజీ మీదికి వస్తుంది. ఆ ప్రవేశం గురించి న్యూయార్క్ అంతా చెప్పుకుంది. అది చూసే హాలీవుడ్ పిలిచింది. అదే ఏడాది జార్జ్ క్యూకర్ దర్శకత్వంలో ‘ఎ బిల్ ఆఫ్ డివోర్స్‌మెంట్’, మరుసటి ఏడాది ‘మార్నింగ్ గ్లోరీ’కి మొదటి ఆస్కార్. సినిమాల్లోకి వచ్చిన రెండో ఏడే!

నా ఉద్దేశంలో ఆవిడ శరీరం స్టేజీది. సినిమాల్లో కూడా నడిచి రాదు చూడండి, గదిని ఆక్రమించుకుంటూ వస్తుంది.

వేణు_లాజిక్

అంతా బాగుంది కానీ ఒక చిన్న విషయం మరుస్తున్నారు. తండ్రి పేరున్న డాక్టరు. సముద్రం ఒడ్డున వేసవి ఇల్లు. పెళ్లాడినవాడూ స్తోమతున్నవాడే. ఒక్క ఆటకి పీకేస్తే గొంతు గురువు దగ్గర చేరే వెసులుబాటు ఎందరికి ఉంటుంది? ఇంటి అద్దె కట్టాల్సిన పిల్ల అయితే ఆ ఉద్యోగం పోయిన మర్నాడే హోటల్లో ప్లేట్లు కడుగుతూ ఉండేది. స్టేజీ నిలబెట్టింది అనడం కంటే, ‘పడిపోయినా తగలకుండా కింద పరుపు ఉంది’ అనడం నిజం.

శ్రీను_హార్ట్‌ఫర్డ్

ఆవిడ పుట్టిన ఊళ్లో ఉండి నోరు మూసుకుని కూర్చుంటే బాగోదు కాబట్టి వచ్చా.

ఇక్కడ మనవాళ్లు సగంమంది ఇన్సూరెన్స్ కంపెనీల ఐటీలోనే ఉంటాం. ఊరంటేనే ఇన్సూరెన్స్. హెప్‌బర్న్ సమాధి ఇక్కడే సెడార్ హిల్ శ్మశానంలో కుటుంబంతోపాటే ఉంది. ఏదో పాలరాతి మండపం ఊహించుకుని వెళ్తే వెతుక్కోవాల్సిందే. నేల మీద చిన్న రాయి, పేరూ సంవత్సరాలూ, అంతే.

వేణు అన్న మాట ఒప్పుకుంటా, కానీ సగమే. తండ్రి డాక్టరే, కానీ ఆ తల్లి మామూలు ఆవిడ కాదు. కనెక్టికట్‌లో ఆడవాళ్ల ఓటు హక్కు కోసం సంఘం నడిపింది. తర్వాత కుటుంబ నియంత్రణ ఉద్యమంలో మార్గరెట్ సాంగర్ పక్కన నిలబడింది. ఆ రోజుల్లో ఆ మాట పైకి అంటేనే ఊళ్లో మొహం చాటేసేవారు. నలుగురూ ఏమంటారో అన్న భయం లేని ఇంట్లో పెరిగింది ఈ పిల్ల. 1921లో, ఈవిడకి పదమూడేళ్లప్పుడు, అన్న టామ్ చనిపోయాడు. ఉరికి వేలాడుతూ ఉన్నవాణ్ని మొదట చూసింది ఈవిడే. ఆ తర్వాత చాలా ఏళ్లు అన్న పుట్టినరోజైన నవంబరు 8నే తన పుట్టినరోజుగా చెప్పుకుంది. మే 12 అన్న అసలు తేదీని 1991లో ఆత్మకథ రాసినప్పుడే బయటపెట్టింది. పరుపు ఉందన్న మాట నిజమే, ముళ్లూ ఉన్నాయి.

లక్ష్మి_టీచర్

ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని, కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

పద్మజ చెప్పిన కథలో ఒక పెద్ద దెబ్బ మిగిలిపోయింది. ఆస్కార్ వరించబోతున్న వేళ, 1933 డిసెంబరులో, ‘ద లేక్’ అనే నాటకంతో బ్రాడ్వేకి, అంటే న్యూయార్క్ నాటకరంగానికి, తిరిగి వెళ్లింది. ఘోరంగా తన్నింది. భావోద్వేగాల్లో ‘ఏ నుంచి బీ దాకా’ మొత్తం పలికించిందని రచయిత్రి డొరతీ పార్కర్ వెక్కిరించినట్టు ఇప్పటికీ చెప్పుకుంటారు. నిర్మాత జెడ్ హారిస్ ఆ నాటకాన్ని ఊరూరా తిప్పుతానంటే, వద్దు బాబోయ్ అని తన దాచుకున్న డబ్బిచ్చి ఆపించుకుంది. అంటే స్టేజీ ఆవిణ్ని ఎప్పుడూ ఒళ్లో కూర్చోబెట్టుకోలేదు.

ఇటు సినిమాల్లో ‘లిటిల్ విమెన్’, ‘ఆలిస్ ఆడమ్స్’ తప్పిస్తే వరసగా చతికిలబడ్డాయి. ‘సిల్వియా స్కార్లెట్’, ‘మేరీ ఆఫ్ స్కాట్లండ్’, ‘క్వాలిటీ స్ట్రీట్’. పత్రికలవాళ్లని దగ్గరికి రానిచ్చేది కాదు, ఆటోగ్రాఫులు ఇచ్చేది కాదు, ప్యాంటు వేసుకుని తిరిగేది. ఒకసారి ఆర్.కె.ఓ. స్టూడియోవాళ్లు ఆ ప్యాంటు తీసి దాచేస్తే, లోపలి బట్టలతోనే సెట్లో తిరిగిందట, తెచ్చిచ్చేదాకా! జనానికి ఈవిడంటే పొగరుబోతు అన్న అభిప్రాయం స్థిరపడిపోయింది. ఆ మీదట ‘విషం’ జాబితా. ఆర్.కె.ఓ. ఒక నాసిరకం సినిమా అంటగట్టబోతే, డబ్బు కట్టి మరీ కాంట్రాక్టు తెంపుకుని బయటికొచ్చింది.

రమణ గారి ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. ఫిలిప్ బ్యారీ అనే నాటకకర్త ఆవిణ్ని దృష్టిలో పెట్టుకుని ‘ద ఫిలడెల్ఫియా స్టోరీ’ రాశాడు. డబ్బున్న, పొగరున్న, ఎవరినీ లెక్కచెయ్యని పెళ్లికూతురు. జనం ఈవిడ గురించి ఏమనుకుంటున్నారో దాన్నే పాత్ర చేశాడు. ఆవిడ జీతం వద్దని లాభంలో వాటా అడిగింది. నాటకం తెర లేవకముందే సినిమా హక్కులు చేతికొచ్చాయి. అప్పట్లో ఆవిడతో సన్నిహితంగా ఉన్న హవార్డ్ హ్యూస్ కొనిపెట్టాడు. 1939 మార్చిలో బ్రాడ్వేలో మొదలై 417 ఆటలు ఆడింది. అప్పుడు స్టూడియోలు క్యూ కట్టాయి. ఎం.జి.ఎం. అధిపతి లూయీ బి. మేయర్‌కి ఆవిడ పెట్టిన షరతులు: నాయిక నేనే, దర్శకుడు క్యూకర్, పక్కన పెద్ద హీరోలు కావాలి. క్లార్క్ గేబుల్, స్పెన్సర్ ట్రేసీలని అడిగింది, కేరీ గ్రాంట్, జేమ్స్ స్టివార్ట్ దొరికారు. టైటిల్స్‌లో గ్రాంట్ పేరుని తనకన్నా ముందు వెయ్యనిచ్చింది. పేరు ముందుంటే ఏం, వెనకుంటే ఏం, కాగితాలు తన చేతిలో ఉన్నాయి.

వేణు_లాజిక్

టీచర్ గారూ, మీరే నా పక్షాన సాక్ష్యం చెప్పేశారు. హక్కులు కొన్నది హవార్డ్ హ్యూస్! విమానాలూ చమురు పరికరాల కంపెనీ ఉన్న కోటీశ్వరుడు. ఇంక స్టేజీ గొప్పేముంది ఇందులో?

పద్మజ_రంగస్థలం

హ్యూస్ కాగితం కొన్నాడు వేణు గారూ. ఆ కాగితానికి విలువ తెచ్చింది 417 సార్లు స్టేజీ ఎక్కిన మనిషి. నాటకం పది రోజులకే మూతపడి ఉంటే ఆ హక్కులు చిత్తు కాగితం. ‘ద లేక్’కి అదే కదా జరిగింది.

రమణ_బెజవాడ

లాభంలో వాటా, చేతిలో హక్కులు, దర్శకుడి ఎంపిక... 1939లో ఒక హీరోయిన్! స్టూడియోలు తారల్ని ఏడేళ్ల కాంట్రాక్టుతో కట్టేసే రోజులవి. నేను హిట్టూ ఫ్లాపూ లెక్కలే చూస్తున్నా, ఇక్కడ అసలు వ్యవహారం బేరం.

మోడరేటర్

మన హీరోయిన్లతో పోలికలు పెట్టిన పోస్టులు వేరే థ్రెడ్‌కి తరలించాం. ఇక్కడ హెప్‌బర్న్ గురించే మాట్లాడండి.

కిట్టు99

మీ గొడవ చదివి ‘బ్రింగింగ్ అప్ బేబీ’ (1938) పెట్టా. బాబోయ్ ఆ స్పీడు! సబ్‌టైటిల్ చదివేలోగా ఇంకో రెండు జోకులు దాటిపోతున్నాయి. నిజం చిరుతపులితో ఆడిందట కదా, గ్రాంట్ భయపడి దూరంగా ఉంటే ఈవిడ జంకు లేకుండా పక్కనే నడిచిందని చదివా. ఇంత నవ్వించే సినిమా ఎందుకు ఆడలేదు అప్పట్లో?

పద్మజ_రంగస్థలం

ఆ వేగమే కొంత కారణం అయ్యుండొచ్చు కిట్టూ. అందరూ పిచ్చివాళ్లే అయితే ప్రేక్షకుడు ఎవరి భుజం పట్టుకుని కథలోకి నడవాలి? ఇప్పుడు మనం ఆ గందరగోళానికి అలవాటుపడిపోయాం. తర్వాతి తరాలు దాన్ని నెత్తిన పెట్టుకున్నాయి, కానీ అప్పటికి ‘విషం’ ముద్ర పడనే పడింది.

లక్ష్మి_టీచర్

ఆ విజయం గురించి నాకొక కడుపుమంట ఉంది, అదీ చెబుతాను.

ఫిలడెల్ఫియా స్టోరీలో ఒక్కొక్క మగవాడూ వచ్చి ఆ పిల్లకి నువ్వు రాయివి, విగ్రహానివి, మనిషివి కావు అని పాఠం చెబుతాడు. చివరికి తండ్రి కూడా, తన వివాహేతర వ్యవహారానికి కూతురి మనసు గట్టిదనం కారణమన్నట్టు మాట్లాడతాడు! ఆవిడ తల వంచాకే పెళ్లి. ప్రేక్షకులకి నచ్చింది ఆ తల వంచడమే అని నా అనుమానం. 1942లో ‘వుమన్ ఆఫ్ ది ఇయర్’, స్పెన్సర్ ట్రేసీతో మొదటి సినిమా. అక్కణ్నుంచి ఆయన పోయేదాకా ఆవిడకి తోడు ఆయనే. ఆ కథని కూడా ఎం.జి.ఎం.కి బేరం పెట్టి అమ్మింది ఆవిడే. అందులో పెద్ద పేరున్న పాత్రికేయురాలు. తీరా చివరి సీను మార్చి మళ్లీ తీశారు: వంటింట్లో మొగుడికి టిఫిన్ చెయ్యబోయి, కాఫీ పొంగి, టోస్టు ఎగిరిపడి, నవ్వులపాలవుతుంది. ఆవిడకి ఆ ముగింపు సుతరామూ నచ్చలేదు. బేరం చేసే శక్తి ఉన్న మనిషే అక్కడ తగ్గాల్సి వచ్చింది.

అందుకే నాకు ట్రేసీతో చేసిన తొమ్మిదింటిలో ‘ఆడమ్స్ రిబ్’ (1949) ఇష్టం. భార్యాభర్తలిద్దరూ లాయర్లు, ఒకే కేసులో ఎదురెదురుగా నిలబడతారు. కోర్టులో గెలిచేది ఆవిడ.

పద్మజ_రంగస్థలం

ఆ సినిమాలో జైలు సీను గుర్తుందా టీచర్ గారూ? ముద్దాయి జూడీ హాలిడే తన గోడు చెబుతుంటుంది, హెప్‌బర్న్ పక్కన కూర్చుని వింటుంది. కెమెరా చాలాసేపు కదలకుండా హాలిడేకే అనుకూలంగా ఉంటుంది. హాలిడే అప్పుడు ‘బార్న్ యెస్టర్డే’ నాటకంతో బ్రాడ్వేని ఊపేస్తోంది, కానీ కొలంబియా స్టూడియో సినిమాలో ఆమెకి ఆ పాత్ర ఇవ్వడానికి తటపటాయిస్తోంది. ‘ఇదిగో, తెర మీద ఎలా ఉంటుందో చూసుకోండి’ అన్నట్టు హెప్‌బర్న్, క్యూకర్, రచయితలు కలిసి ఆ పిల్లకి జాగా ఇచ్చారు. పాత్ర దక్కింది, 1950 సినిమాకి హాలిడేకి ఆస్కార్ కూడా వచ్చింది. స్టార్ హీరోయిన్ పక్క నటికి సీను వదిలెయ్యడం ఎంత అరుదో నాటకాలాడేవాళ్లని అడగండి. మా దగ్గర మైకు ముందు ఎవరు నిలబడాలన్న దానికే రిహార్సల్ ఆగిపోతుంది.

వేణు_లాజిక్

సరే, ఒక సూటి ప్రశ్న. ఇంత స్టేజీ మనిషి అంటున్నారు కదా. నాలుగు ఆస్కార్లు ఉన్నాయి, 1975 టీవీ సినిమాకి ఎమ్మీ ఉంది. బ్రాడ్వే నాటకాలకిచ్చే టోనీ ఏది? ఒక్కటి కూడా రాలేదు. బ్రాడ్వేవాళ్లే ఈవిణ్ని తమ మనిషి అనుకోలేదేమో!

పద్మజ_రంగస్థలం

టోనీలు మొదలైంది 1947లో. ఫిలడెల్ఫియా స్టోరీ ఆడింది 1939లో. లేని బహుమతి ఎక్కణ్నుంచి తెస్తారు? తర్వాత రెండుసార్లు నామినేట్ అయింది. 1969లో మొదలైన ‘కోకో’ అనే సంగీత నాటకానికి ఒకసారి, ‘ద వెస్ట్ సైడ్ వాల్ట్జ్’కి ఒకసారి. మొదటిసారి లారెన్ బకాల్‌కి పోయింది.

‘కోకో’ సంగతి వినండి. అరవై దాటిన వయసులో, పాటే రాని గొంతుతో మ్యూజికల్! ఎదురుగా పెద్ద భవనం కడుతుంటే ఆ చప్పుడుకి మధ్యాహ్నం ఆటలో తన పాట వినబడటం లేదని నేరుగా పనివాళ్ల దగ్గరికి వెళ్లి, ఫలానా టైములో కాసేపు ఆపండి బాబూ అని ఒప్పించుకొచ్చిందట.

లక్ష్మి_టీచర్

వేణూ, బహుమతుల జాబితాలో కనబడనిది ఇంకొకటి ఉంది. ‘విషం’ రోజులు పోయి సినిమాల్లో గట్టిగా కుదురుకున్నాక, 1950లో ‘యాజ్ యూ లైక్ ఇట్’ నాటకంలో రోజలిండ్ వేసింది. నలభై దాటాక షేక్‌స్పియర్ మొదలెట్టడం! 1952లో బెర్నార్డ్ షా నాటకం లండన్‌లో. 1955లో ఓల్డ్ విక్ బృందంతో నెలల తరబడి ఆస్ట్రేలియా అంతా తిరుగుతూ మూడు షేక్‌స్పియర్ నాటకాలు. 1957, 1960 వేసవుల్లో కనెక్టికట్‌లోని స్ట్రాట్‌ఫర్డ్‌లో పోర్షియా, బియాట్రిస్, వయోలా, క్లియోపాత్రా. సినిమా జీతంతో పోలిస్తే అక్కడ వచ్చేది చిల్లర. మెచ్చుకున్న విమర్శకులూ ఉన్నారు, పెదవి విరిచినవాళ్లూ ఉన్నారు. ఆ చాకిరీ ఫలితం చూడాలంటే యూజీన్ ఓనీల్ నాటకం ఆధారంగా సిడ్నీ లూమెట్ తీసిన ‘లాంగ్ డేస్ జర్నీ ఇన్‌టు నైట్’ (1962) చూడు. మార్ఫీన్‌కి బానిసైన తల్లి. అంత పొడుగు డైలాగుల్ని శ్వాస మీద మొయ్యడం సినిమాలొక్కటే చేసినవాళ్ల వల్ల కాదు. నా దృష్టిలో ఆవిడ ఉత్తమ నటన అదే, దానికి ఆస్కార్ రాలేదు.

శ్రీను_హార్ట్‌ఫర్డ్

టీచర్ గారూ, ఆ స్ట్రాట్‌ఫర్డ్ థియేటర్ చాలా ఏళ్లు మూతపడి ఉండి, 2019 జనవరిలో కాలి బూడిదైపోయింది. ఆవిడ పేరు మీద ఓల్డ్ సేబ్రూక్‌లో ఒక చిన్న థియేటర్ మాత్రం బాగానే నడుస్తోంది, మావాళ్లు ‘ద కేట్’ అంటారు. వేణు అన్న వేసవి ఇల్లు ఆ పక్కనే ఫెన్‌విక్‌లో. 1938 సెప్టెంబరు తుపానుకి ఆ ఇల్లు కొట్టుకుపోయింది. అవును, ‘విషం’ అన్న ఏడాదే. అక్కడే మళ్లీ కట్టించుకుంది, చివరికి పోయిందీ అక్కడే.

ఇంక మా ఇన్సూరెన్స్ కథ. ‘గెస్ హూస్ కమింగ్ టు డిన్నర్’ (1967) నాటికి ట్రేసీ ఆరోగ్యం పూర్తిగా దెబ్బతింది. ఇన్సూరెన్స్ చెయ్యడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఇన్సూరెన్స్ లేకపోతే స్టూడియో కదలదు, ఎందుకంటే నటుడు మధ్యలో పడిపోతే తీసినదంతా దండగ. అప్పుడు దర్శకుడు స్టాన్లీ క్రేమర్, హెప్‌బర్న్ ఇద్దరూ తమ పారితోషికాల్ని పూచీగా పెట్టారు. ట్రేసీ రోజుకి కొన్ని గంటలే చెయ్యగలిగేవాడు, మిగతా షాట్లు డూపులతో లాగించారు. ఆయన పని పూర్తయిన పదిహేడు రోజులకి, 1967 జూన్ 10న చనిపోయాడు. పూర్తయిన సినిమాని ఆవిడ ఎప్పుడూ చూడలేదంటారు. రెండో ఆస్కార్ దానికే. మొదటిదానికీ దీనికీ మధ్య 34 ఏళ్లు.

వేణు గారూ, డబ్బు ఉందన్నారు కదా. ఉన్న డబ్బుని పూచీ పెట్టడం కూడా లెక్కలో వేసుకోండి.

వేణు_లాజిక్

అది వేసుకుంటా. ఆ ఒక్కటీ కాదనలేను.

కిట్టు99

మరుసటి ఏడాదే మూడోది కదా, బార్బ్రా స్ట్రైసాండ్‌తో టై అయింది. ఆవిడ తీసుకోవడానికి వెళ్లలేదట, నాలుగిట్లో ఒక్కదానికీ వెళ్లలేదట. నేనైతే విమానం ఎక్కి మరీ వెళ్లేవాణ్ని 😄

రమణ_బెజవాడ

ఆస్కార్ వేదిక ఎక్కింది మాత్రం ఒకసారి ఉంది కిట్టూ, 1974లో. అదీ నిర్మాత లారెన్స్ వైన్‌గార్టెన్‌కి గౌరవ పురస్కారం ఇవ్వడానికి. ఇప్పుడా నాలుగు బొమ్మలూ వాషింగ్టన్‌లో నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉన్నాయి.

చివరిదైన ‘ఆన్ గోల్డెన్ పాండ్’ నాటికి ఆవిడకి తల వణుకు బాగా కనబడుతుంది. చాలామంది పార్కిన్సన్స్ అనుకున్నారు, కాదు, వంశంలో ఉన్న వేరే వణుకు. దాన్ని దాచే ప్రయత్నం చెయ్యకుండానే నటించింది. షూటింగ్ మొదట్లో హెన్రీ ఫోండాకి ట్రేసీ టోపీ ఇచ్చింది, ఆయన దాన్ని సినిమాలో పెట్టుకున్నాడు. ఇద్దరికీ ఆస్కార్లు వచ్చాయి.

పద్మజ_రంగస్థలం

నటన నేర్చుకునేవాళ్లకి మాత్రం నేను చూపించేది ‘ది ఆఫ్రికన్ క్వీన్’ (1951). కాంగో, ఉగాండాల్లో తీశారు. హీరో హంఫ్రీ బోగార్ట్, దర్శకుడు జాన్ హ్యూస్టన్ విస్కీ మీదే బతికి నిక్షేపంగా ఉన్నారు. నీళ్లు తాగిన ఈవిడకి విరేచనాలు. చర్చిలో ఆర్గన్ వాయించే సీనులో కెమెరాకి కనబడకుండా పక్కన బకెట్ పెట్టుకుని చేసింది.

అయితే నేను చెప్పాలనుకున్నది అది కాదు. మొదట్లో ఆ మిషనరీ పాత్రని మరీ గంభీరంగా, మూతి బిగించి చేస్తోందట. హ్యూస్టన్ వచ్చి, ఆసుపత్రుల్లో సైనికుల్ని పలకరించేటప్పుడు అమెరికా అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ ఎలా నవ్వుతారో ఆ నవ్వు పెట్టుకో అన్నాడు. తనకి దొరికిన అతి గొప్ప సలహా అదేనని ఆవిడే చెప్పుకుంది. మొహం కిందికి లాగేసినట్టుండే మనిషి, ఆ మర్యాద నవ్వు తగిలించుకోగానే పాత్రకి వెన్నెముక వచ్చేసింది. మురుగునీళ్లలో, జలగల మధ్య కూడా ఆ నవ్వు వదలదు చూడండి. ఈ నెల మా నాటకంలో అత్తగారి పాత్ర వేస్తున్న అమ్మాయి మొదటి అంకం నుంచీ కళ్లెర్రజేస్తోంది. రేపు రిహార్సల్‌కి ముందు ఆ సినిమా మొదటి అరగంట చూపించబోతున్నా.

వేణు_లాజిక్

చూపించండి. ఫలితం ఏమైందో ఇక్కడ రాయండి. హ్యూస్ డబ్బు మాట మాత్రం నేను వెనక్కి తీసుకోవట్లేదు.

పద్మజ_రంగస్థలం

ఎవరడిగారు మిమ్మల్ని వెనక్కి తీసుకోమని? ముందు ‘లాంగ్ డేస్ జర్నీ’ చూసి రండి, దాదాపు మూడు గంటలు. మధ్యలో ఫోన్ పట్టుకోకూడదు.